వెంటనే బయటికి రావలెను

హైస్కూలు చదివే రోజుల్లో నేను పుంగనూరులో ఒక సినిమా థియేటర్ గోడ మీద ఉమ్మేసేదాన్ని. బస్సు దిగి బడికి నడిచే దారిలోనే ఉండేది ఆ గోడ. వాల్‌పోస్టర్ల కింద సున్నం పెచ్చులూడిన చోటు చూసుకుని, చుట్టూ ఎవరూ గమనించకుండా ఉమ్మి, ముందుకు పోయేదాన్ని. ఎప్పుడన్నా పక్కన నడిచే పిల్లలు చూసి యాల ఉమ్మేస్తావని అడిగితే, నోట్లో దుమ్ము పడిందనేదాన్ని. వానాకాలంలో కూడా నా నోట్లో దుమ్మే పడేది.

చాలా ఏళ్ళ తర్వాత అదే గోడను ఎవరు కట్టారు, రాళ్ళు ఎక్కడి నుంచి తోలారు, మొదటి ఆట చూసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని ఊళ్ళో అడిగి రాసుకునే పని నా మీద పడింది. పడింది అంటే అబద్ధమవుతుంది, నేనే మీద వేసుకున్నాను. అప్పటికి మదనపల్లెలో టీచరుగా ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటాక మా పక్క థియేటర్లు ఒక్కొక్కటే మూతపడుతూ ఉంటే, మేం కొందరు టీచర్లం కలిసి వాటి చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నాం. తిరిగే శ్రమ ఉండదని అందరూ మదనపల్లె థియేటర్లే కావాలన్నారు. నేను వాటిలో కొన్ని తీసుకుని, పుంగనూరు, కుప్పం, పెద్దమండ్యం కూడా నాకే ఇమ్మన్నాను. చరిత్రంటే ఈమెకు ఎంత ప్రేమో అని మెచ్చుకున్నారు. నాకు చరిత్ర మీద ప్రేమ లేదు. ఒక మనిషి మీద పగ ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

ఆ మనిషి పుంగనూరు థియేటర్ యజమాని. ఊరంతా సావుకారు అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

పగ సంగతి చెప్పాలంటే ముందు స్లైడ్ సంగతి చెప్పాలి. ఫోన్లు లేని రోజుల్లో సినిమా చూస్తున్న మనిషిని బయటికి పిలవాలంటే ఒకటే దారి ఉండేది, తెర. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా, కాన్పు నొప్పులు మొదలైనా, ఊరి నుంచి ఒకరు సైకిలేసుకుని వచ్చి గేటు దగ్గర కబురు చెప్పేవాళ్ళు. పైన క్యాబిన్‌లో ఆపరేటర్ ఒక గాజుముక్కను కిరసనాయిలు దీపం మీద పెట్టి మసి పట్టించేవాడు. ఆ మసి మీద అగ్గిపుల్లతో రాసేవాడు. దాన్ని స్లైడ్ మిషన్‌లో పెడితే ఆడుతున్న సినిమా మీదనే తెల్లటి అక్షరాలు పడేవి. హీరో ఏడుస్తూ ఉంటే హీరో ముఖం మీద, పాట నడుస్తూ ఉంటే పాట మీద. ఫలానా ఊరు, ఫలానా ఇంటివాళ్ళు, ఫలానా ఆయన కొడుకు ఫలానా ఆయన వెంటనే బయటికి రావలెను.

అది పడగానే ఈలలు ఆగిపోయేవి. ఆడవాళ్ళ వైపు నుంచి అయ్యో అని సన్నగా వినబడేది. చీకట్లో ఎవరో లేచి తడుముకుంటూ నడిస్తే, నేల టికెట్టు జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాళ్ళు. టికెట్ల దగ్గర చొక్కాలు చింపుకునే జనమే, ఆ ఒక్క మనిషికి మాత్రం దారి ఇచ్చేవాళ్ళు. ఎవరిదో తల్లి పోయిందనుకునేవాళ్ళు, ఎవరికో బిడ్డ పుట్టిందనుకునేవాళ్ళు. స్లైడ్‌తో ఎవరూ వేళాకోళం ఆడేవాళ్ళు కాదు.

ఊరు, ఇల్లు, తండ్రి పేరు అన్నీ రాయడానికి కారణం ఉంది. మా పక్క గ్రామదేవత పేరు పెట్టుకోని ఇల్లు లేదు. ఆడపిల్లయితే అమ్మ, మగపిల్లోడయితే అప్ప, అమ్మవారి పేరుకు చివర్న చేర్చి పెట్టేయడమే. మా వీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే నాలుగు ఇళ్ళలోంచి పలికేవాళ్ళు. నాయన పేరు కూడా అదే.

నాయన ఆవులు మేపేవాడు, కాస్త మెట్ట చేను చేసేవాడు. పొద్దున్నే పుంగనూరులో హోటళ్ళకు పాలు వేసి వచ్చేవాడు. ఆయనకు ఒకటే వ్యసనం, సినిమా. బీడీ కూడా తాగడు. కొత్త సినిమా వచ్చిందంటే పాలు వేసి వచ్చేటప్పుడు థియేటర్ బయట ఫోటో కార్డుల పెట్టె ముందు నిలబడి ఒక్కో బొమ్మా చూసి, ఇంటికొచ్చి చూడని సినిమాకు కథ చెప్పేవాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని సినిమాకు పోయి, తన కథ ఎక్కడ తప్పిందో చూసుకుని నవ్వేవాడు. అంత మంచి నవ్వు నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

ఇది జరిగింది తొంభైల మొదట్లో, శనక్కాయలు పీకిన తర్వాత చేతిలో పని లేని రోజుల్లో. వారం నుంచి అవ్వకు జ్వరం. ఆ పొద్దు కాస్త తగ్గి గంజి తాగింది. నాయన ఆమె మంచం వదలకుండా తిరుగుతూ ఉంటే, అవ్వే విసుక్కుని సినిమాకు పొమ్మంది. మేమిద్దరం మ్యాట్నీకి పోయాం. బెంచీ టికెట్టు. సినిమా పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. ఇంటర్వెల్‌లో శనక్కాయలు కొనిచ్చి, ఇప్పుడు చూడు, ఆ పెద్దాయన చనిపోలేదు, తిరిగొస్తాడు అని నాయన కథ చెప్పాడు.

ఆ పెద్దాయన తిరిగి రాకముందే స్లైడ్ పడింది. నాయన పేరు. ఊరు లేదు, ఇల్లు లేదు, తాత పేరు లేదు. ఉత్త పేరు, దాని కింద ‘వెంటనే బయటికి రావలెను, ఇంటి వద్ద అర్జంటు’ అని.

నాయనకు చదువు అంతంత మాత్రం, కానీ తన పేరు తను చదువుకోగలడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మ పోయినట్లుండాదే పాపా” అన్నాడు.

జనం దారి ఇచ్చారు. ఎవరో ఒక ముసలాయన నాయన భుజం కూడా తట్టాడు. గేటు చేరేలోపే నాయన గట్టిగా ఏడుస్తున్నాడు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెనకాలే పరుగెత్తాను.

చీకట్లోంచి ఎండలోకి వస్తే కళ్ళు కనబడవు. నాకు కళ్ళు కనబడేసరికి ఒక గేట్‌మ్యాన్ నాయన చొక్కా పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా సావుకారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందురోజు బాల్కనీలో కొత్తగా వేసిన రెగ్జిన్ కుర్చీలను ఎవరో కత్తితో కోసిపోయారట. ఆ పేరు గలవాడెవడో ఆ వరసలో కూర్చున్నాడని ఒకరు చెప్పారట. ఈ రోజు మళ్ళీ వచ్చి ఉంటాడని స్లైడ్ వేయించారు.

“ఏడస్తాండాడు సూడు. తప్పు సెయ్యనోడు యాల ఏడుస్తాడు?” అన్నాడు సావుకారు.

నాయన నడుము తడిమారు. మొలతాడుకు కట్టుకున్న చిన్న కత్తి దొరికింది. పలుపు కోయడానికి, మేత కోయడానికి, మామిడికాయ కోసి నాకివ్వడానికి ఎప్పుడూ ఉండే కత్తి. ఆవులు మేపేవాడి మొలలో కత్తి కాకుండా ఏముంటుంది? ఇంకేం సాక్ష్యం కావాలని సావుకారు చుట్టూ ఉన్నవాళ్ళను అడిగాడు. అందరూ తలలూపారు. ఇంతలో అదే పేరు గలవాళ్ళు ఇంకో ముగ్గురో నలుగురో కళ్ళు నలుపుకుంటూ బయటికి వచ్చారు. దొంగ దొరికాడని చెబితే, బతికామనుకుని మళ్ళీ లోపలికి పోయి సినిమా చూసుకున్నారు. నాయన కంటే నిదానంగా లేవడమే వాళ్ళు చేసుకున్న పుణ్యం.

నన్ను ఇప్పటికీ కాల్చేది కత్తి కాదు, చొక్కా పట్టుకోవడమూ కాదు. నాయనకు వాళ్ళు ఏం అడుగుతున్నారో చెవికెక్కనే లేదు. కుర్చీలంటే కుర్చీలేంటి అని కూడా అనలేదు. చేతులు జోడించి ఒకటే మాట అడిగాడు.

“మా అమ్మకేమైంది సామీ?”

సావుకారు నవ్వాడు. నాయన మళ్ళీ అడిగాడు. గేట్‌మ్యాన్‌ను అడిగాడు, టికెట్లిచ్చేవాణ్ణి అడిగాడు. ఏమీ కాలేదని ఒక్కడు చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి ఎవరికీ ఏమీ ఖర్చయ్యేది కాదు. కోసిన రెగ్జిన్ ముక్కకు పురితాడు కట్టి నాయన మెడలో వేసి, ఫోటో కార్డుల అద్దాల పెట్టె పక్కన నిలబెట్టారు. ఫస్ట్ షో టికెట్ల లైను అయిపోయేదాకా అక్కడే నిలబెట్టారు. సినిమాకు వచ్చినవాళ్ళు పెట్టెలో బొమ్మలు చూసి, పక్కన నాయన్ను చూసి, మళ్ళీ బొమ్మలు చూశారు. నాయన పాలు పోసే హోటలాయన కూడా వచ్చాడు. ఆయన బొమ్మలు చూసినట్టు నటించి వెళ్ళిపోయాడు. నేను నాయన చెయ్యి పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గడప మీద కూర్చుని రాగుల్లో రాళ్ళు ఏరుతోంది. నాయన సైకిలు కింద పడేసి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. నేను సచ్చిండాననుకొని ఏడిస్తివా అని అవ్వ మొదట నవ్వింది. మెడ మీద పురి ఒరుసుకున్న గీత చూశాక నవ్వలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, నా సావు జెప్పి పిలిసినారే నా కొడుకును అని ఆమె మూలుగుతూనే ఉంది.

నాయన మళ్ళీ సినిమాకు పోలేదు. పుంగనూరుకు పాలు వేయడం మానేసి వేరేవాళ్ళకు ఆ హోటళ్ళు వదిలేశాడు. ఊళ్ళో మాత్రం కొత్త పేరొకటి పుట్టింది, రెగ్జినప్ప. ఎక్కడ పలుపు తెగినా, ఎవరి గొడుగు చినిగినా, రెగ్జినప్పను పిలవండి అని నవ్వేవాళ్ళు. బళ్ళో నేను రెగ్జినప్ప కూతుర్ని. గోడ మీద ఎందుకు ఉమ్మేసేదాన్నో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పుస్తకం పని నేను నిజాయితీగానే చేశాను. పగ ఉందని పని చెడగొట్టే రకం కాదు నేను. మదనపల్లెలో ఒక థియేటర్ టమోటా క్రేట్ల గోడౌన్ అయింది. తెర ఉండిన గోడకు ఆనించి పైకప్పు దాకా క్రేట్లు పేర్చి ఉన్నారు, లోపలంతా కుళ్ళిన టమోటా వాసన. ఇంకొకటి కళ్యాణమండపం అయింది. దాని నేల తెర వైపు వాలుగా ఉన్నది ఉన్నట్టే వదిలేశారు. పంక్తిలో కూర్చుంటే రసం విస్తరి దాటి కింది వరస వాళ్ళ దగ్గరికి పోతుంది. ఇదివరకు నేల టికెట్టు ఉండిన చోట ఇప్పుడు పెళ్ళికొడుకు చుట్టాలు కూర్చుని తిడుతున్నారు. పెద్దమండ్యంలో టూరింగ్ డేరా వేసిన మైదానం వెతికాను. గుంజలు పాతిన గుంతల్లో ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు. ఇవన్నీ రాశాను. రాస్తూ పుంగనూరు వంతు ఎప్పుడొస్తుందా అని పళ్ళు నూరుకుంటూ ఉన్నాను.

సావుకారు నన్ను ఇంటికి పిలిచి మరీ మాట్లాడాడు. బాగా ముసలివాడయ్యాడు, మోకాళ్ళు పట్టేశాయి. థియేటర్ అమ్మేశాడు, కొన్నవాళ్ళు కూల్చి షాపులు కట్టబోతున్నారు. భార్యకు గుండెజబ్బు, నెలనెలా వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నానని చెప్పుకున్నాడు. నూరు రోజుల షీల్డులన్నీ బల్ల మీద పరిచి పెట్టాడు. తన ఫోటో ఒకటి ముందే ఫ్రేము కట్టించి ఉంచాడు, పుస్తకంలో పేజీ నిండా వేయాలన్నాడు. మదనపల్లె టీచరమ్మ అని తప్ప నేనెవరో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. కాఫీ బాగుంది.

థియేటర్లో మరిచిపోలేని సంఘటన ఏదైనా చెప్పమన్నాను. ఆయన తడుముకోకుండా అదే చెప్పాడు.

“ఒకసారి స్లైడ్ ఏసి దొంగను పట్టినాము టీచరమ్మా. ఊరు పేరు రాస్తే వాడు హుషారై గోడ దూకేస్తాడు. ఇంటికాడ అర్జంటని రాసినామంటే ఎట్లాంటోడైనా లేసి రావాల్సిందే. ఆ తెలివి నాదే.”

అతనే దొంగని తేలిందా అని అడిగాను. ఎవుడో ఒకడులేమ్మా, ఆ తర్వాత కుర్చీ ముట్టుకున్నోడు లేడు అని నవ్వాడు. చాలా బాగుంది సార్ అన్నాను. మాట పొల్లుపోకుండా రాసుకున్నాను. ఆ సంగతి మాత్రం నాకు ఇప్పటికీ గర్వమే.

అంటే పొరపాటు కాదు. అన్నేళ్ళూ నేను పొరపాటున ఊరి పేరు మరిచిపోయారేమో, ఇంటి వద్ద అర్జంటు అన్నది అలవాటుగా రాశారేమో అనుకుంటూ వచ్చాను. మరిచిపోలేదు. చావు కబురును ఎరగా వేశారు. ఇంటికి వచ్చి నేను ఆ రోజు అన్నం తినలేదు.

ఆ స్లైడ్ రాసిన ఆపరేటర్ కుప్పంలో ఉన్నాడని తెలిసింది. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో పోయాను. పుంగనూరు వదిలాక అతను కుప్పంలో ఒక థియేటర్లో చేరాడు. అక్కడ ఒక వారం తెలుగు సినిమా, ఒక వారం తమిళం, అప్పుడప్పుడూ కన్నడం. అదీ మూతపడ్డాక రైల్వే స్టేషన్ దగ్గర చిన్న అంగడి పెట్టుకుని బెంగళూరు బండికి పోయేవాళ్ళకు అరటిపళ్ళు అమ్ముతున్నాడు. నేను పుస్తకం మాట ఎత్తలేదు. ఫలానా ఊరు, ఫలానా ఆయన కూతుర్నని నేరుగా చెప్పాను.

అతను చేతిలోని అరటిపళ్ళు కింద పెట్టి నా ముఖం చూశాడు. తర్వాత, నువ్వు చెప్పులు సేతిలో పట్టుకోనుండావు అన్నాడు. క్యాబిన్ మెట్ల మీది నుంచి అంతా చూశాడట. ఏ ఊరు సార్ అని తను అడిగితే, చెప్పింది రాయమని సావుకారు కసిరాడట. కుర్చీలు కోసింది ఎవరో కూడా ఆ వారంలోనే తెలిసిపోయిందట. సావుకారు సొంత చెల్లెలి కొడుకు, వాడి స్నేహితులు. కుర్చీలకు గప్‌చుప్‌గా కొత్త రెగ్జిన్ వేయించుకున్నారు. మా ఊరికి ఒక మనిషిని పంపి, నీది తప్పు లేదప్పా అని చెప్పించాలని ఎవరికీ తోచలేదు.

పుంగనూరు థియేటర్ కూల్చేముందు ఆఖరి ఆట ఒకటి వేయిస్తాను, వచ్చి ఇంకొక స్లైడ్ రాయాలని నేను అడిగాను. అతను ఒకామెకు అరటిపళ్ళు ఇచ్చి, చిల్లర లెక్కచూసి ఇచ్చి, అప్పుడు నా వైపు తిరిగాడు.

“రాస్తా. కిరసనాయిలు దీపం నేనే తెస్తా, ఆడ ఉంటాదో లేదో” అన్నాడు.

మిగతాది నేను చూసుకున్నాను. ఆఖరి రోజు ఊరికంతా ఉచితంగా ఒక పాత సినిమా వేసి, పాత ఆపరేటర్‌తోనే మిషన్ నడిపిస్తే పుస్తకంలో బ్రహ్మాండంగా ఉంటుందని సావుకారుకు చెప్పాను. ఆయన పొంగిపోయాడు. ఏ సినిమా వేయాలో కూడా నన్నే చెప్పమన్నాడు. ఏది చెప్పానో వేరే చెప్పక్కర్లేదు.

నాయన్ను కదిలించడమే కష్టమైంది. అన్నేళ్ళుగా ఆ వీధిలో అడుగు పెట్టని మనిషి. సావుకారు నవ్వుతూ చెప్పిన కథ, ఆపరేటర్ చెప్పిన మాట, రెండూ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాను. ఎర సంగతి విన్నాక నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అట్లే ఉండిపోయాడు. ఇప్పుడెందుకులే పాపా అన్నాడు. నేను కోపంతో లేచిపోయాను. తెల్లారి చూస్తే బావి దగ్గర తన తెల్ల పంచె తనే ఉతుక్కుంటున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

ఆఖరి ఆట మ్యాట్నీ. హాలంతా జనం. తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు, చోటు దొరకనివాళ్ళు బయట మెట్ల మీద కూర్చున్నారు. సావుకారు బాల్కనీ ముందు వరసలో ఊరి పెద్దలతో కూర్చున్నాడు. ఇంట్లో భార్య ఒంటరిగా పడుకుని ఉందని, బాగలేక రాలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నేనూ నాయనా బయట, ఫోటో కార్డుల పెట్టె పక్కన నిలబడ్డాం. పెట్టెలో బొమ్మలు లేవు, గుండుపిన్నుల తుప్పు మరకలు మాత్రం ఉన్నాయి. నాయన ఆ రోజు ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. నేను చెప్పలేదు, కాళ్ళే తీసుకుపోయినట్టున్నాయి.

ఇంటర్వెల్ అయింది. మళ్ళీ ఆట మొదలైంది. కాసేపటికి లోపల ఈలలు ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి అయ్యో అని వినబడింది. నాకు ఒళ్ళు జలదరించింది, సంతోషంతో.

చెక్కమెట్ల మీద తప్పటడుగుల చప్పుడు. సావుకారు బయటికి వచ్చాడు. కండువా నేల మీద ఈడ్చుకుపోతోంది, ఒక కాలికి చెప్పు లేదు. ఎండకు కళ్ళు కనబడక చేతులు చాపి గోడ తడుముకుంటున్నాడు. ముఖమంతా తడి.

“ఆమెకేమైంది? ఎవురన్నా సెప్పండప్పా, ఆమెకేమైంది?”

ఈ క్షణం కోసం నేను ఎన్నేళ్ళు బతికానో నాకే తెలుసు. ఏడస్తాండావే, తప్పు సెయ్యనోడు యాల ఏడుస్తాడు అని ఆయన మాట ఆయనకే అప్పజెప్పాలని నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అంతకు ముందు ఆయన అడగాలి. నాయన అడిగినంత అడగాలి. మెట్ల మీద ఉన్నవాళ్ళను అడగాలి, లోపలి నుంచి వచ్చేవాళ్ళను అడగాలి, ఎవరూ చెప్పకూడదు. నేను పెదవి కదపలేదు.

నాయన ఆయన దగ్గరికి పోయాడు.

“ఏమీ కాలేదప్పా. ఇంట్లో అందురూ బాగుండారు” అన్నాడు. “ఆ పొద్దు నాకీ మాట సెప్పేవాళ్ళు లేకపోయిరి.”

నాకు నాయన మీద వచ్చినంత కోపం ఆ రోజు సావుకారు మీద కూడా రాలేదు. నేను అన్నేళ్ళు దాచుకున్నదాన్ని ఆయన ఒక్క మాటతో ముగించేశాడు.

సావుకారు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. నాయన్ను పైకీ కిందికీ చూశాడు. ఆయనకు గుర్తు రాలేదు. అంత చేసి, అన్నేళ్ళు ఊరూరా చెప్పుకుని నవ్వి, ఆ మనిషి ముఖం మాత్రం గుర్తు పెట్టుకోలేదు.

“ఎవురప్పా నువ్వు?” అన్నాడు.

నాయన చేతులు కట్టుకోలేదు. మా ఊరి పేరు చెప్పాడు. మా ఇంటి పేరు చెప్పాడు. ఫలానా ఆయన కొడుకునని మా తాత పేరు చెప్పాడు. ఆఖరున తన పేరు చెప్పాడు. స్లైడ్ మీద ఏ వరసలో రాయాలో ఆ వరసలో, తొందర లేకుండా, మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పాడు.

సావుకారు చూపు నాయన ముఖం మీద నుంచి పక్కనున్న ఖాళీ అద్దాల పెట్టె మీదికి పోయింది. అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు. పెట్టె పట్టుకుని అట్లే కిందికి జారి మెట్టు మీద కూర్చున్నాడు. ఏమైందోనని లోపలి నుంచి వచ్చిన జనం చుట్టూ చేరి ఆయన్ను చూశారు, నాయన్ను చూశారు.  మిగిలిన సినిమా చూసి పోదాం రమ్మని నేనంటే, నాయన ఆవులకు కుడితి పెట్టాలని సైకిలెక్కి పోయాడు. నేను మాత్రం పోలేదు. ఆ మెట్టు మీద సావుకారు ఎంతసేపు కూర్చున్నాడో అంతసేపు ఎదురుగా నిలబడి చూశాను. అయినా తనివి తీరలేదు.

పుస్తకం అచ్చయింది. పుంగనూరు పేజీల్లో నూరు రోజులు ఆడిన సినిమాల సంగతి ఉంది, గోడ రాళ్ళ సంగతి ఉంది. స్లైడ్ కథ మొత్తం ఉంది, కుర్చీలు కోసింది ఎవరి మేనల్లుడో కూడా ఉంది. నాయన పేరు, ఊరూ ఇల్లూ తాతతో సహా, నిండుగా ఉంది. ఊళ్ళో నలుగురైదుగురు కొనుక్కుని చదివారు. రెగ్జినప్ప అనే మాట మెల్లగా వినబడకుండా పోయింది.

సావుకారు ఫోన్ చేశాడు. గొంతు బాగా నీరసించి ఉంది. ఫోటో వేయకపోతే పోనీ, అంత పెద్ద థియేటర్ కట్టించిన మనిషిని, మొదటి నుంచి ఆఖరుదాకా యజమాని, యజమాని అని రాసినావు, పేరన్నా రాయకపోతివే టీచరమ్మా అని అడిగాడు.

“నీ పేరు గలోళ్ళు శానామంది ఉండారప్పా” అన్నాను. “ఉత్త పేరు రాస్తే ఎవురో అనుకొని ఇంకొకర్ని తిడతారని వదిలేసినా.”